‘నాకేం వచ్చిందని ఇంత టెన్షన్?’

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 41 ఏళ్లు. అకౌంట్స్ సెక్షన్‌లో ఉద్యోగం. మావారూ ఉద్యోగస్తులే. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, అత్తగారు మాతోనే ఉంటారు. చెప్పుకోవడానికి పెద్ద కష్టమేమీ లేదు. కానీ ఏడెనిమిది నెలల నుంచి పొద్దున లేచేసరికే దవడలు నొప్పిగా ఉంటున్నాయి, మెడ పట్టేసి ఉంటోంది. రాత్రి పడుకోగానే నిద్రపడుతుంది గానీ మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తోంది. ఇక తెల్లవారేదాకా ఆఫీసు లెక్కలు, పిల్లల ఫీజులు, ఎవరు ఏమన్నారు అన్నవే తిరుగుతుంటాయి. ఒక జలుబు పోయేలోపు ఇంకొకటి వస్తోంది. చిన్నవాడు నీళ్ల సీసా ఒలకబోశాడని మొన్న గట్టిగా అరిచాను, వాడు బిక్కచచ్చిపోయాడు. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ చేయించుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. తగ్గించుకోమని అందరూ చెప్తారు, ఎలాగో ఎవరూ చెప్పరు. నాకంటే ఎన్నో కష్టాలు పడుతున్నవాళ్లు ధైర్యంగా ఉన్నారు. నాకేం వచ్చిందని ఇంత టెన్షన్? నేను బలహీనురాలినా? మా అక్క తను వాడే నిద్రమాత్రలు కొన్ని ఇచ్చింది. వేసుకోవచ్చా?
పేరు రాయలేను

జవాబు: ‘నాకేం వచ్చిందని’ అంటూ మీ మీద మీరే విసుక్కున్నారు. ముందు ఆ విసుగు గురించే మాట్లాడతాను. అలసిపోవడం ఒక బాధ. అలసిపోయినందుకు సిగ్గుపడటం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ రెండోది మీరు ఈ రోజే దించేసుకోవచ్చు.

పెద్ద కష్టం వచ్చినప్పుడు నలుగురూ వస్తారు. సెలవు దొరుకుతుంది. ఏడ్చినా ఎవరూ ఏమీ అనరు. మీకున్న కష్టానికి పేరు లేదు కాబట్టి పరామర్శకు ఎవరూ రారు. తేలని లెక్క, ఆగకుండా మోగే ఫోను, వేళకు కనపడని తాళంచెవి, జవాబివ్వాల్సిన మెసేజ్, ఎవరో అలవోకగా విసిరిన మాట. ఒక్కొక్కటీ చీమ కుట్టినంతే. కానీ రోజంతా కుడుతూనే ఉంటాయి. రిచర్డ్ లాజరస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు సరిగ్గా ఇలాంటి చిరాకుల మీదే అధ్యయనం చేసి 1981లో ప్రచురించారు. 100 మంది నడివయసు వాళ్లను నెలల తరబడి అడుగుతూ వచ్చారు, జీవితంలో పెద్ద మార్పులేం వచ్చాయి, ఈ నెలలో విసిగించిన చిన్న విషయాలేమిటి అని. ఎవరి మనసు ఎంత కుంగిందో చెప్పడంలో పెద్ద సంఘటనల జాబితా కంటే చిన్న చిరాకుల జాబితానే ఎక్కువ పనికొచ్చింది. కాబట్టి మీరు బలహీనురాలు కారు. మీ బరువు పైకి కనపడే రకం కాదు, అంతే.

ఇక శరీరం సంగతి. హార్వర్డ్‌లో శరీరధర్మశాస్త్రం బోధించిన వాల్టర్ కానన్ వందేళ్ల కిందటే వివరించిన విషయం ఇది. ప్రమాదం ఎదురైతే ఒళ్లు రెండింటిలో ఒకదానికి సిద్ధమవుతుంది, తిరగబడటానికి లేదా పారిపోవడానికి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి సెకన్లలో అడ్రినలిన్ అనే హార్మోన్ వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నోరు తడారిపోతుంది, జీర్ణం మందగిస్తుంది. దాని వెనకే మెదడు నుంచి కబురు అంది, అవే గ్రంథులు కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్‌ను వదులుతాయి. ఇది నెమ్మదిగా పెరిగి, సాధారణంగా 20 నుంచి 30 నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది. రక్తంలోకి చక్కెర విడుదల చేయించి కండరాలకు ఇంధనం అందేలా చూస్తుంది. పరుగెత్తో, తప్పించుకునో బయటపడ్డాక ఈ హడావుడి అంతా సద్దుమణుగుతుంది. మంచి ఏర్పాటే. ఇది లేకపోతే రోడ్డు దాటేటప్పుడు దూసుకొచ్చే బండి నుంచి పక్కకు దూకలేం.

మీ పై అధికారి పంపిన మెయిల్ చూసినా ఒళ్లు ఇదే పని చేస్తుంది. కానీ అప్పుడు మీరు పరుగెత్తలేరు, తిరగబడలేరు. కుర్చీలో కూర్చునే దవడ బిగిస్తారు, భుజాలు చెవుల దాకా ఎత్తుకుంటారు. అదీ పొద్దుటి నొప్పికి మూలం. పగటి బిగింపు కొందరిలో రాత్రి పళ్లు నూరుకోవడంగా కొనసాగుతుంది, వాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. ఒంటిలో హెచ్చరిక మోగడానికి ఎదురుగా ప్రమాదం ఉండాల్సిన పని లేదు, ఆలోచన చాలు. జరిగిపోయిన మాటను తలుచుకున్నా, రేపటి మీటింగును ఊహించుకున్నా గుండె అదే తీరులో స్పందిస్తుంది. ఆఫీసులో ఎవరో ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోతారు. దాన్ని మీరు దారిలో ఒకసారి, అన్నం తింటూ ఒకసారి, మూడింటికి ఒకసారి మళ్లీ అనుభవిస్తారు. ఇలా హెచ్చరిక ఆగకుండా మోగుతూ ఉంటే శరీరం లోలోపల అరిగిపోతుందని నాడీశాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యూన్ 1993 నుంచి రాస్తూ వచ్చారు. నా దగ్గరకొచ్చే చాలామందికి నేను చెప్పేదీ ఇదే. టెన్షన్ రావడం జబ్బు కాదు. వచ్చింది పోకుండా ఉండిపోతేనే చేటు. అందుకే ‘టెన్షన్ పడకండి’ అన్న సలహా మీకు అక్కరకు రాలేదు. పడకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. పడినదాన్ని ఎక్కడో ఒకచోట ముగించడం మాత్రం నేర్చుకోవచ్చు.

మీ జలుబులకు కూడా దీనితో సంబంధం ఉండే అవకాశం ఉంది. షెల్డన్ కోహెన్ అనే మనస్తత్వవేత్త బృందం 1991లో వెల్లడించిన ఒక ప్రయోగంలో 394 మంది ఆరోగ్యవంతులు ఇష్టపూర్వకంగా ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేయించుకున్నారు. అందరికీ వైరస్ అందినా అందరూ జబ్బుపడలేదు. అంతకుముందు ఎక్కువ ఒత్తిడిలో ఉన్నామని చెప్పినవాళ్లే ఎక్కువగా పడ్డారు.

ఎలాగో చెప్పమన్నారు కదా, మూడింటి మెలకువతో మొదలుపెడదాం. తెల్లవారుజాము వైపు వెళ్లేకొద్దీ గాఢనిద్ర తగ్గి కలల నిద్ర పెరుగుతుంది. రాత్రి తొలిభాగంలో అడుగంటి ఉన్న కార్టిసాల్ ఆ వేళకు పైకి లేవడం మొదలవుతుంది. కాబట్టి ఆ సమయంలో మెలకువ రావడం ఎవరికైనా మామూలే, చాలామంది పక్కకు తిరిగి పడుకుంటారు, పొద్దున గుర్తు కూడా ఉండదు. మీకు వచ్చిన మెలకువను ఆలోచనలు పట్టేసుకుంటున్నాయి. అప్పుడు టైమ్ చూడకండి. చూశారంటే ‘ఇంకా మూడు గంటలే ఉంది’ అన్న లెక్క మొదలవుతుంది, అది కూడా మీకు ఇంకో ఆఫీసు లెక్కే. ఫోను మంచానికి అందనంత దూరంలో పెట్టండి. అలారం కావాలంటే అక్కడి నుంచే వినపడుతుంది. సుమారు 20 నిమిషాలు గడిచినా నిద్ర రావట్లేదనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, ఆసక్తి అక్కర్లేని పని ఏదైనా చేయండి. బట్టలు మడతపెట్టడం లాంటిది. కళ్లు మూతపడుతుంటే మళ్లీ వెళ్లి పడుకోండి. మంచం మీద గంటల కొద్దీ మథనపడటం అలవాటైతే, మంచం చూడగానే మెదడు మథనానికే సిద్ధమవుతుంది.

సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది. ఆఫీసు నుంచి లేచే ముందు ఐదు నిమిషాలు తీసుకుని, మిగిలిపోయిన పనులన్నీ కాగితం మీద పెట్టండి. ‘ఆ ఫైలు సంగతి’ అని కాదు, ‘బుధవారం పొద్దున ఫలానా బిల్లు సరిచూసి సంతకానికి పంపాలి’ అన్నంత స్పష్టంగా. అలాగే ఇంటి పనులకు పడుకునే ముందు ఇంకో ఐదు నిమిషాలు. మైకేల్ స్కలిన్ అనే పరిశోధకుడి బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో 57 మంది యువతీయువకులు నిద్ర ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకున్నారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు రాబోయే పనులు రాశారు, కొందరు చేసేసిన పనులు రాశారు. రాబోయే పనులు రాసినవాళ్లకు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా పట్టింది. అది నిద్రపట్టడం గురించిన ప్రయోగం, మీ ఇబ్బంది మధ్యలో మెలకువ, నిజమే. కానీ మూడింటికి మీ మనసు చేస్తున్న పని ఏమిటి? మరిచిపోకుండా ఉండటానికి పనులను వల్లెవేస్తోంది. అవి కాగితం మీద భద్రంగా ఉన్నాయని తెలిస్తే వల్లె వేయాల్సిన అవసరం తగ్గుతుంది. అప్పటికీ కొత్తది గుర్తొస్తే పక్కన పుస్తకం, పెన్సిల్ ఉంచుకోండి. చీకట్లో వంకరటింకరగా రాసినా పర్వాలేదు.

ఆఫీసుకూ ఇంటికీ మధ్య పది నిమిషాలు మీకోసం ఉంచుకోండి. మీరు ఇంట్లో అడుగు పెట్టేసరికి మెయిల్ తాలూకు కార్టిసాల్ ఇంకా దిగి ఉండదు. చిన్నవాడు సరిగ్గా ఆ క్షణంలో సీసా ఒలకబోస్తాడు. మీరు అరిచింది సీసా మీద కాదు. ఆ పది నిమిషాలు కాస్త వేగంగా నడవండి, ఫోను చేతిలో లేకుండా. పరుగెత్తడానికి సిద్ధమైన ఒంటికి ఆ నడకే ముగింపు. పెద్దవాళ్లు వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీరు ఇప్పుడే ఆ అంకె గురించి బెంగపడొద్దు, ఇంకో బాకీలా నెత్తినెక్కుతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి.

నడవడం కుదరని చోట ఊపిరి ఉంది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. సెకనుకో అంకె అనుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. మామూలుగా మనం 12 నుంచి 20 దాకా తీసుకుంటాం. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె సహజంగానే కొంచెం నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. బలవంతంగా నిండా పీల్చొద్దు, తల తిరిగినట్టుంటే ఆపేయండి. అసలు కంగారులో ఉన్నప్పుడు మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు, ‘ఇదీ నావల్ల కాలేదు’ అనిపిస్తుంది. అందుకని రోజూ ప్రశాంతంగా ఉన్న వేళ ఐదు నిమిషాలు చేసి అలవాటు చేసుకోండి. ఒంటికి దారి తెలిస్తే కంగారులో తనే వెళ్తుంది.

దవడ గురించి ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పైపళ్లు, కిందిపళ్లు తాకాల్సిన అవసరం లేదు. పెదాలు కలిసి, పళ్లు విడిగా, నాలుక పైపళ్ల వెనక మెత్తగా ఆనుకుని ఉండటం దవడకు విశ్రాంతి. ఇది చదువుతూనే మీ పళ్లు ఎలా ఉన్నాయో గమనించండి. రోజులో ఫోను ఎత్తిన ప్రతిసారీ ఒకసారి పళ్లు విడదీసి, భుజాలు కిందికి దించండి. పడుకునే ముందు ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు 1920లలో రూపొందించిన పద్ధతి ప్రయత్నించండి. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని ఐదు సెకన్లు బిగించి, ఇరవై సెకన్లు వదిలేయడం. దవడను మాత్రం గట్టిగా బిగించొద్దు, దానికి ఆ పని బాగానే అలవాటైంది. పళ్ల డాక్టరుకు కూడా ఒకసారి చూపించుకోండి. రాత్రి పళ్లు నూరుకుంటుంటే అరుగుదల కనపడుతుంది, అవసరమైతే తొడుగు ఇస్తారు.

కాఫీ, టీలు మధ్యాహ్నం వరకే. తాగిన కెఫీన్‌లో సగం ఒంటి నుంచి పోవడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది.

ఇప్పటివరకు చెప్పినవన్నీ మీరు ఒక్కరే చేయాల్సినవి. ఇక్కడితో ఆపితే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. మోయాల్సిన దానికంటే ఎక్కువ మోస్తున్న మనిషికి ‘బాగా ఊపిరి పీల్చుకో’ అని చెప్పడం సరిపోదు. బరువు కొంత దించాలి. ఒక వారంపాటు గమనించండి, ఇంట్లో పనులు ఎవరు చేస్తున్నారని కాదు, ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారని. ఫీజు గడువు, అత్తగారి మందులు అయిపోయే రోజు, పెద్దవాడి స్కూలు ప్రాజెక్టు, గ్యాసు బుకింగు. నా అనుమానం, ఆ జాబితా అంతా మీ తలలోనే ఉంది. మావారు సాయం చేస్తారు అని మీరు అనొచ్చు. చెప్తే చేస్తారు, అంతేనా? చెప్పడం కూడా పనే. రాత్రి మూడింటికి లేచేది ఆ చెప్పాల్సిన మనిషే.

అందుకని ‘కాస్త సాయం చేయండి’ అని అడగకండి. ‘ఏమండీ, పిల్లల ఫీజుల సంగతి ఇకనుంచి పూర్తిగా మీదే, గడువు గుర్తుపెట్టుకోవడంతో సహా. నేను అడగను, గుర్తుచేయను’ అని ఒకదాన్ని ఇచ్చేయండి. కోపంగా ఉన్నప్పుడు కాదు, ఇద్దరూ తీరిగ్గా ఉన్న రోజు. ఈ ఉత్తరం ఆయనకు చూపించినా సరే. ఒకసారి గడువు తప్పొచ్చు, తప్పనివ్వండి. మీరు వెనక నుంచి సర్దేస్తే ఆ బరువు తిరిగి మీ తలమీదికే వస్తుంది. ఆఫీసులో కూడా ఒకేసారి మూడు పనులు మీద పడితే ‘మూడూ ఈ రోజే అవ్వవు సార్, ముందు ఏది కావాలి?’ అని అడగండి. ఏది ముందో తేల్చే బాధ్యత పని ఇచ్చినవాళ్లది.

చిన్నవాడి సంగతి మీరు రాసిన తీరు చూస్తే అది మిమ్మల్ని ఇంకా గుచ్చుతోందని తెలుస్తోంది. వాడి దగ్గర కూర్చుని చెప్పండి: ‘ఆ రోజు నేను బాగా అలసిపోయి ఉన్నాను నాన్నా, అందుకే అరిచాను. నీ తప్పు అంత పెద్దది కాదు. సారీ.’ సంజాయిషీలు వద్దు, ‘నువ్వు కూడా జాగ్రత్తగా ఉండాలి కదా’ అని చివర తగిలించొద్దు. పిల్లలు అమ్మ అరవడాన్ని తట్టుకుంటారు. ఎందుకు అరిచిందో తెలియకపోతే తప్పంతా తమదే అనుకుంటారు. వాడికి చెప్పేశాక మీకు కూడా ఆ విషయం ముగుస్తుంది.

పరీక్షలు బాగున్నాయి కాబట్టి నేను ఇంత ధైర్యంగా రాస్తున్నాను. అయినా కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. మెట్లెక్కినప్పుడో, గబగబా నడిచినప్పుడో దవడలో నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోతుంటే వెంటనే గుండె డాక్టరును కలవండి. ఛాతీలో బరువు, ఊపిరాడకపోవడం, చల్లటి చెమటలు కూడా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆడవాళ్లలో గుండెనొప్పి కొన్నిసార్లు దవడలోనో, వీపులోనో తెలుస్తుంది, టెన్షన్ అనుకుని ఊరుకోకూడదు. మీ వయసులో నెలసరి తేదీలు మారడం, రాత్రి ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టడం మొదలైతే నిద్ర చెడటానికి అది కూడా కారణం కావచ్చు. గైనకాలజిస్టుకు చెప్పండి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండి, ఇదివరకు ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోతే మానసిక వైద్యుల్ని కలవడానికి మొహమాటపడొద్దు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇక మీ అక్కగారి మాత్రలు. వేసుకోకండి. ఆవిడ ప్రేమతోనే ఇచ్చారు, కానీ అవి ఆవిడ వయసు, జబ్బులు, వేరే మందులు చూసి రాసినవి. నిద్రమాత్రల్లో చాలా రకాలు కొన్ని వారాలకే అలవాటుగా మారతాయి, ఒక్కసారిగా మానేస్తే నిద్ర ముందుకంటే చెడుతుంది, మర్నాడు మత్తుగా ఉండి బండి నడపడం ప్రమాదం. దీర్ఘకాలం నిద్రపట్టని పెద్దవాళ్లకు మొదట మాత్ర ఇవ్వకుండా, నిద్ర అలవాట్లను, ఆలోచనల్ని సరిచేసే సీబీటీ అనే చికిత్సతో మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సూచించింది. మూడింటికి మంచం దిగమని నేను చెప్పింది అందులోని భాగమే. నాలుగు వారాలు ఇవి చేసి చూడండి. అప్పటికీ వారంలో మూడు నాలుగు రాత్రులు ఇలాగే గడుస్తుంటే నిద్ర సమస్యలు చూసే డాక్టరును కలవండి. ఏ రోజు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నిసార్లు లేచారో రెండు వారాలపాటు పొద్దున్నే ఒక పుస్తకంలో రాసి తీసుకెళ్తే ఆయన పని సులువవుతుంది. మాత్రలు మాత్రం అక్కగారికి తిరిగిచ్చేయండి, ఇంట్లో పిల్లలున్నారు.